నిలబడిన గుడ్డు

రత్నాలు సంచి సర్దడం అది మూడోసారి.

ఎరువుల బస్తాను కత్తిరించి చేత్తో కుట్టుకున్న సంచి అది. మూతి చుట్టూ తాడు ఉంది, లాగితే బిగుసుకుంటుంది. అడుగున రెండు చీరలు పెట్టింది. వాటి మీద పసుపు కొమ్ముల మూట, పక్కన గుడ్డపీలికల్లో విడివిడిగా కట్టిన చిక్కుడు గింజలు, చోడి విత్తనాలు. ఒక స్టీలు గ్లాసు. అన్నిటికన్నా పైన చెక్క దువ్వెన. పోయిన సంతకు ఇలాగే సర్ది, మళ్లీ విప్పింది. ఆ ముందు సంతకూ అంతే. విప్పినప్పుడల్లా దువ్వెనే ముందు బయటికొచ్చి, చూరులో దాని చోటికి అది వెళ్లిపోయేది.

కనక గుమ్మంలో కూర్చుని అడ్డాకులు కుడుతోంది. పుల్ల చేతిలోనే ఉంది గానీ కుట్టడం ఎప్పుడో ఆగిపోయింది. కళ్లు తల్లి చేతుల మీద ఉన్నాయి.

"అత్తా, ఆ సంచికే ఇసుగొచ్చీసింది," అన్నాడు కనక మొగుడు ఫల్గుణ, అరుగు మీద కూర్చుని గొడ్డలికి పిడి బిగిస్తూ. "ఈపాలి తాడు బిగించీ. నేకపోతే ఆ సుక్రు నిన్నే సంచిలో ఏసుకుని ఎల్లిపోతాడు."

"నోరు ముయ్యరా," అంది రత్నాలు నవ్వు ఆపుకుంటూ. ఫల్గుణ ఆమెకు అల్లుడు కాకముందు అన్నకొడుకు. "పెట్టె సూసినాకే తాడు బిగించీది. ముందే సెప్పినాను గదా."

కనక నవ్వలేదు.

రత్నాలు మారుమనువు వెళ్తోంది. పెదబయలు సంత నుంచి ఆరు మైళ్లు కొండెక్కితే వచ్చే ఆ ఊళ్లో పద్దెనిమిది గడపలు. అక్కడ మొగుడు పోయిన ఆడది ఇంకో మనిషిని చూసుకోవడం వింతేమీ కాదు. సోమన్న పోయి నాలుగేళ్లయింది. రత్నాలుకు నలభై నాలుగో నలభై అయిదో ఉంటాయి. సుక్రు ఏరవతలి ఒరిస్సా కొండల మనిషి. పెళ్లాం పోయిన వాడు. పన్నెండు తేనెపెట్టెలు పెట్టుకుని వాటి మీదే బతుకుతున్నాడు. సంతలో తేనె సీసాల ముందు కూర్చున్న అతని దగ్గర రత్నాలు రెండేళ్లుగా ఆగి మాట్లాడటం ఊరంతా చూసింది. పెద్దలు కూర్చుని, అతను మోసుకొచ్చిన జీలుగు కల్లు తాగి, మంచిదే అన్నారు. నీ మాటేమిటని కనకను కూడా అడిగారు. "అమ్మ ఇట్టం," అంది కనక. అది ఏ గొంతుతో అన్నదో పెద్దలు పట్టించుకోలేదు. రత్నాలు పట్టించుకుంది.

అందుకేనేమో, వెళ్లడానికి ఒకే ఒక్క పేచీ పెట్టింది. పెరట్లో సోమన్న తేనెపెట్టె ఉంది. అందులో రాణి ఉందని తెలిస్తేనే గడప దాటుతానంది.

ఆ పేచీకి ఒక కారణం ఉంది. సోమన్న ఆ పెట్టెను పాడేరులో పదిరోజుల శిక్షణకు వెళ్లి తెచ్చుకున్నాడు. కొన్నేళ్లు బాగానే నడిచింది. తర్వాత ఈగల పిల్లలు గదుల్లోనే నీరుకారి చచ్చే జబ్బు ఒకటొచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో పెట్టెలన్నీ ఖాళీ అయిపోయాయి. ఈ పెట్టె ఖాళీ అయిన వర్షాకాలంలోనే సోమన్న కూడా పోయాడు. రెండేళ్లు అది అలా పడి ఉంది. లోపల ఎలకలు గూడు కట్టాయి. రత్నాలు అటు వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లేది. మూడో ఏడు ఎక్కడినుంచో ఒక గుంపు తనంతట తానే వచ్చి పెట్టెలో చేరింది. ఆ రోజు రత్నాలు పొయ్యి వెలిగించలేదు. పొద్దు వాలేదాకా పెట్టె ఎదురుగా కూర్చుని వచ్చేవాటినీ పోయేవాటినీ చూసింది.

"ఖాళీ పెట్టె ఉన్నింట్లో నిన్నొగ్గి ఎల్లనే గుంటా," అంది కనకతో. "అది నాను మరోపాలి సూడలేను."

అలాంటి పెట్టెకు ఇప్పుడు రాణి లేదన్న అనుమానం ఎందుకు వచ్చిందో ఆ ఇంట్లో కనకకు ఒక్కదానికే పూర్తిగా తెలుసు.

మూడు సంతల కిందట, కొండ వాలంతా వలిసెలు పసుపుగా పూసి ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం పెట్టెలోంచి ఈగలు పొగలా బయటికొచ్చాయి. పెరడంతా తిరిగి తిరిగి పనస కొమ్మకు సంచిలా వేలాడాయి. గంటసేపు అలా ఉండి, ఒక్కసారిగా లేచి కొండ దాటి వెళ్లిపోయాయి. పెట్టెలో సగం మిగిలాయి. ఆ సాయంత్రమే రత్నాలు సంత నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, సుక్రుతో వెళ్తానని చెప్పింది.

మర్నాడు తెల్లవారి, చలికి ఈగలు ముడుచుకుని ఉన్నప్పుడు, కనక పెట్టె తెరిచింది. తండ్రికి శిక్షణలో ఇచ్చిన చిన్న పుస్తకం ఆమె దగ్గర ఉంది. బడికి పోని కనక అక్షరాలు నేర్చింది ఆ పుస్తకంలోనే. బస్తాల మీద, బస్సుల మీద ఉన్న అక్షరాలతో పోల్చుకుంటూ, ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ నేర్చింది. ఈగలు ఎగిరిపోవడం గురించిన పేజీ కింది సగం చెదలు తినేశాయి. పై సగంలో ఇలా ఉంది: "పట్టు దిగువ అంచున వేరుశనగ కాయ వలె వ్రేలాడు గదులు రాణి గదులు. వీటిని కోసి తీసివేయవలెను. లేనిచో ఈగలు ఇల్లు విడిచిపోవును."

కనక దాని గురించి చాలాసేపు ఆలోచించింది. ఇల్లు విడిచిపోయేది ఎవరు? ఎదిగిన కూతుళ్లే గదా. ఆ కాయల్లో ఉన్నవి రాణి కూతుళ్లు. ఒక్కొక్కతీ పుట్టగానే కొంతమందిని వెంటేసుకుని వెళ్లిపోతుంది. కూతుళ్లే పుట్టకపోతే ఎవరూ వెళ్లరు, తల్లి ఒక్కతే ఇంట్లో నిలుస్తుంది. అలా అనుకుని కూరగాయల కత్తితో ఒక్కొక్క కాయా కోసింది. పది. లోపల తెల్లగా, మెత్తగా, కళ్లు మాత్రం రంగు తేలుతూ ఉన్న పిల్లలు. కోళ్లకు వేసింది. కోళ్లు తినేశాయి. ఎవరికీ చెప్పలేదు.

పోయిన సంతకు సుక్రు వచ్చి పెట్టె చూశాడు. మబ్బుగా ఉండటంతో పట్టు కట్టిన చట్రాలు పూర్తిగా ఎత్తలేదు. రాణి కనపడలేదు, గుడ్డూ కనపడలేదు. "కంగారు పడకండి," అన్నాడు. "గుంపు ఎగిరినాక కొత్త రాణి పుట్టాల, బయటికెల్లి మగోళ్లని సూసుకుని రావాల, ఆనక గుడ్డెట్టాల. వచ్చే సంతకి కనపడితే ఉన్నట్టు. నేకపోతే నేదన్నట్టే."

ఆ వచ్చే సంత ఈ రోజే. వాళ్లు ఎక్కాల్సిన సంత జీపు మధ్యాహ్నం ముంచింగిపుట్టు వైపు వెళ్లిపోతుంది.

సుక్రు పొద్దున్నే వచ్చాడు. పొట్టి మనిషి. కళ్ల శిబిరంలో ఇచ్చిన అద్దాలు పెట్టుకుంటాడు, వాటిలో ఒకటి పగిలింది. అతని తెలుగు సంతల్లో నేర్చుకున్నది. గుమ్మం ముందు ఆగి, "కనకా, బాగున్నావా?" అన్నాడు.

"బాగున్నానయ్యా," అంది కనక. సిన్నయ్యా అని పిలవమని రత్నాలు మూడు వారాలుగా పోరుతోంది. ఆ పిలుపు కనక నోటికి రాలేదు.

"రా, పెట్టె సూద్దుం," అంటూ రత్నాలు కొంగు బిగించింది. సుక్రు ఆమె వైపు ఒకసారి ముక్కు ఎగబీల్చాడు.

"తలకి నూనె రాసినావేటి?"

"పెయానం గదా. రాసినాను."

"అయితే నువ్వు ఆ గుమ్మడి పందిరి కాడే ఉండిపో. ఈగలకి నూనె వోసన పడదు. ముందు నిన్ను కుట్టి ఆనక మమ్మల్ని కుడతాయి."

"పెట్టె నాది, సూసీది మీరా?" అని గొణుక్కుంటూ రత్నాలు పందిరి దగ్గరికి వెళ్లి నిలబడింది. సంచి మాత్రం చంకలోనే ఉంది.

సుక్రు పెట్టె పక్కన గొంతుకూర్చుని, చెవి చెక్కకు ఆనించి, వేలి కణుపుతో ఒకసారి తట్టాడు. కనకను రమ్మన్నాడు. కనక కదల్లేదు. అతను మళ్లీ రమ్మనలేదు, తన చెవి పక్కన కొంచెం చోటు వదిలి ఊరుకున్నాడు. కాసేపటికి కనక వచ్చి చెవి ఆనించింది. అతను మళ్లీ తట్టాడు.

లోపల భుమ్మని ఒక మోత లేచింది. లేచినంత వేగంగా ఆగిపోయింది.

"ఇన్నావా? రాణి ఉన్న పెట్టె ఇలాగ ఒక్కపాలి అని ఊరుకుంటాది. రాణి నేని పెట్టె అయితే ఆగదు. మూలుగుతానే ఉంటాది. శవం లేసిన ఇంట్లో ఆడోళ్లలాగ."

కనక చెవి చెక్కకే ఆనించి ఉంచింది. "అయితే ఉన్నాదా?"

"సెవికి ఉన్నాది," అన్నాడు సుక్రు. "కంటికి కనపడాల గదా."

గోనెపట్టాను గట్టిగా చుట్టి ఒక కొస అంటించాడు. దాని పొగ రెండుసార్లు పెట్టె గుమ్మంలోకి ఊదాడు. మూత ఎత్తగానే తేనె, మైనం, పులిసిన అంబలి కలిసినట్టు వెచ్చటి వాసన ఒకటి మొహానికి తగిలింది. ఆ చలి పొద్దులో పెట్టె లోపల అంత వేడి ఉంటుందని కనక అనుకోలేదు. చెయ్యి అలాగే పైన పట్టుకుని ఉంచింది.

"ఇంత ఏడి ఏటి? పొయ్యి నేదు గదా."

"ఆటి ఒళ్లే పొయ్యి. పిల్లలకి సలేత్తాదని ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని ఒణుకుతాయి. ఆ ఒణుకు ఏడే ఇది."

ఎనిమిది చట్రాలు పక్కపక్కన ఉన్నాయి. సుక్రు మొదటిదాన్ని రెండు చేతులతో, అన్నం నిండిన గిన్నె ఎత్తినట్టు, ఒక్క కుదుపు లేకుండా పైకి తీశాడు. ఈగలు దాని మీద నీళ్లు జారినట్టు ఇటునుంచి అటు జారాయి. పైన తెల్లటి మైనం మూతల కింద తేనె. దాని కింద పుప్పొడి నింపిన గదులు, పసుపువి కొన్ని, నారింజవి కొన్ని, ఒకటి రెండు బూడిద రంగువి. కనక మొదట రెండడుగుల దూరంలో ఉంది. రెండో చట్రానికి ఒకడుగు దూరంలోకి వచ్చింది. మూడోదానికి ఆమె ముక్కు చట్రానికి తగిలేలా ఉంది.

"ఈ మూతలకి నడిమద్దె కన్నం ఏటి? మిగతాటికి నేదు."

"అవి మగోళ్లు పుట్టే గదులు."

"అయితే కన్నం ఎందుకు?"

"నాకూ తెలీదు. గాలికేమో. మగోడికి పని తక్కువ, ఊపిరి ఎక్కువ గావాల."

పందిరి దగ్గర రత్నాలు పకపకా నవ్వింది. కనకకూ నవ్వొచ్చింది గానీ దాన్ని మింగేసింది.

మూడో చట్రం కింది అంచు వెంట సుక్రు బొటనవేలు నడిపాడు. వేలు ఆగింది. మళ్లీ వెనక్కి వెళ్లి అక్కడే ఆగింది.

"ఇక్కడ ఎవులో కోసీసినారు," అన్నాడు మెల్లగా.

"ఎలక కొరికి ఉంటాది."

"ఎలక కత్తి అట్టుకోదు కనకా."

కనక పందిరి వైపు చూసింది. గొంతు తగ్గిస్తే తల్లికి వినపడదు. "నానే కోసినాను," అంది. "పుస్తకంలో ఉన్నాది. కూతుళ్లు పుడితే ఎల్లిపోతారు గదా. ఎల్లకుండా..."

సుక్రు నవ్వుతాడని ఆమె అనుకుంది, లేకపోతే తిడతాడని. అతను చట్రాన్ని ఎండలోకి తిప్పి పట్టుకుని, కోసిన చోట్లు ఒక్కొక్కటే వేలితో తడిమాడు.

"ఈగల్లో కూతురు ముందు ఎల్లదు," అన్నాడు. "తల్లి ఎల్తాది. పిల్ల ఇంకా గదిలో ఉండగానే ముసిలి రాణి సగం మందిని తోలుకుని ఎల్లిపోతాది. కట్టిన ఇల్లు, దాసిన తేనె, పుట్టబోయీ పిల్ల, అన్నీ ఒగ్గీసి. ఎల్లిన కాడ సెట్టుతొర్ర దొరుకుతాదో, రాతి సందే దొరుకుతాదో దానికీ తెలీదు."

కనకకు పనస కొమ్మకు వేలాడిన సంచి కళ్ల ముందు కదిలింది. "అయితే ఆ రోజు ఎల్లింది..."

"ముసిల్దే."

అంటే తాను కత్తి పట్టుకునే సరికే తల్లి లేదు. ఉన్న కూతుళ్లను తాను కోళ్లకు వేసింది. కనక కోసిన చోటొకటి తన వేలితో తడిమింది.

"తల్లి ఎందుకు ఎల్తాది?" అంది. "ఇల్లు దానిదే గదా. ఎవులూ పొమ్మనలేదు గదా."

"నాకేటి తెలుసు? ముప్పై ఏళ్లుగా సూత్తన్నాను. అడిగితే సెప్పవు. ఎన్ని కోసినావు?"

"పది."

"ఏటే ఆ గుసగుసలు?" పందిరి దగ్గర నుంచి రత్నాలు కేకేసింది. "జీపు ఎల్లిపోతాది! ఉన్నాదా నేదా?"

"ఇంకా సూత్తన్నాం!" అని సుక్రు బదులు కేక వేసి, అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఇక్కడినుంచి నీ పని. దూరంగా ఎగిరీ ఈగ నాకు ఇప్పటికీ కనపడతాది. దగ్గర గుడ్డు కనపడదు. సత్వారం. ఎండ నీ బుజం మీంచి పడేటట్టు నిలబడు. గది అడుగుకి సూడాల, గోడలకి కాదు. గుడ్డు నూకలో సగం ఉంటాది. ఎట్టిన రోజు నిట్టనిలువుగా నిలబడతాది. మర్నాడు ఒరుగుతాది. మూడో రోజు పడుకుంటాది. నాలుగోనాడు పురుగు. నిలబడిన గుడ్డు ఒక్కటి సూపించు, సాలు. నిన్ననో ఇయ్యాలో రాణి ఆ గదిలో తల దూర్చినట్టే. గదికి ఒకటే ఉండాల, మరిసిపోకు. రెండూ మూడూ ఉన్నాయంటే రాణి నేక పనోళ్లే పిచ్చి గుడ్లెడతన్నట్టు. ఆ పెట్టె ఇంక బతకదు."

కనక చట్రం తీసుకుంది. ఎంత బరువుందో అనుకుంది. సుక్రు గడ్డిపోచల కుచ్చుతో ఈగలను పక్కకు నెడుతున్నాడు. వందల గదులు, అన్నీ ఒకే కొలతవి. లోపల చీకటి. మొదట ఏమీ కనపడలేదు. తల కాస్త పక్కకు వంచితే అడుగులు కనపడ్డాయి, తోమి బోర్లించిన గిన్నెల్లా మెరుస్తున్నాయి. ఎవరి కోసం తోమాయో. ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. నాలుగో చట్రమూ అంతే.

అయిదో చట్రం ఎత్తి భుజం ఎండకు తిప్పింది.

ఉన్నాయి.

మొదట అది మైనం పొట్టనుకుంది. తర్వాత పక్క గదిలోనూ అలాంటిదే చూసింది. ఆ పక్కనా. పాలనురుగు రంగులో, సన్నగా, గది అడుగున కాలు ఆనించి నిట్టనిలువుగా నిలబడి ఉన్నాయి. గదికి ఒక్కటే. అరచేతి వెడల్పున వరసగా ఉన్నాయి. కొంచెం లోపలికి చూస్తే ఒరిగినవి. ఇంకా లోపల, నడిమద్దెకు, పడుకున్నవి. కనకకు అది చదవడం వచ్చేసింది. ఇక్కడ మొదలుపెట్టింది అటుమొన్న. ఇక్కడికి వచ్చింది మొన్న. ఇది నిన్న. ఎవరో కొత్తది, చీకట్లో, ఈ గదుల మీద చుట్లు చుట్టుకుంటూ నడిచింది. కనక చూస్తూనే ఉంది. అప్పుడు కనపడింది, చట్రం చెక్కకూ పట్టుకూ మధ్య సందులో ఇరుక్కుని ఒక వేరుశనగ కాయ. కొస గుండ్రంగా కోసినట్టు తెరుచుకుని, డబ్బా మూతలా ఒకవైపు వేలాడుతోంది. ఎవరూ బయటినుంచి కోసింది కాదు. లోపలినుంచి కొరుక్కుని వచ్చింది. పదకొండోది. తన కంట పడనిది.

"ఏటే, ఉన్నాదా?" అంది రత్నాలు.

కనక తలెత్తి చూసింది. గుమ్మడి పందిరి కింద తల్లి నున్నగా దువ్విన తలతో, సంచి చంకన పెట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి నిలబడి ఉంది.

"నేదమ్మా," అంది కనక.

సుక్రు ఆమె చేతిలో చట్రం తీసుకుని పెట్టెలో దించాడు. మిగతా మూడూ ఆమె చూసిందో లేదో కూడా అడగలేదు. "మోత ఆగింది గదా మరి," అన్నాడు తనలో తాను. ఆ తర్వాత, "సరే. నీయి కుర్ర కళ్లు. నా సెవే ముసిల్దయిపోనాది," అని మూత పెట్టేశాడు.

పందిరి దగ్గరికి వెళ్లి రత్నాలు ముందు నిలబడ్డాడు. కనక వెనక ఉండిపోయింది గానీ మాటలన్నీ వినపడుతున్నాయి.

"రత్నాలూ, నువ్వు ఉండిపో. నాను ఎల్లి నా పెట్టెలోంచి గుడ్లున్న చట్రం ఒకటి తెత్తాను. తడిగుడ్డ సుట్టి, ఒంటికి ఆనించుకుని తెస్తే బతుకుతాది. దాన్నిందులో ఎడితే ఈటికి రాణిని సేసుకోడం వచ్చు."

"జీపు దిగి ఎంత దూరం నడవాల నువ్వు?"

"ఒక పగలు, ఒక రాత్రి."

"బతక్కపోతే?"

"మళ్లీ తెత్తాను."

"నీ పెట్టె పాడయిపోదూ?"

"పన్నెండున్నాయి గదా," అన్నాడు సుక్రు.

రత్నాలు అరుగు మీద కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, దువ్వెన తీసింది. లేచి దాన్ని చూరులో దోపింది. ఫల్గుణ గొడ్డలి పిడి వైపు తల వంచేశాడు. మూడు వారాలుగా కనక కోరుకున్నది ఇదే. దువ్వెన దాని చోటులో ఉంది. ఇంక తల్లి వెళ్లదు. వచ్చే సంతదాకా వెళ్లదు. ఆ తర్వాత సంతకూ వెళ్లకపోవచ్చు. కనక కాళ్లు మాత్రం పెరట్లోంచి కదల్లేదు.

సుక్రు చేతులు కడుక్కోవడానికి మళ్లీ పెట్టె వైపు వచ్చాడు. చెంబు పక్కన పెట్టి, ఎవరూ చూడటం లేదనుకుని, వంగి చెవి చెక్కకు ఆనించాడు. తట్టాడు. భుమ్మంది, ఆగిపోయింది. అతను లేచి నిలబడి, చెవిలో నీళ్లు దూరినవాడిలా చిటికెన వేలు పెట్టి తిప్పుకున్నాడు. తల ఒకవైపు వంచి విదిలించాడు. మళ్లీ వంగి, రెండో చెవి ఆనించాడు.

ముప్పై ఏళ్లు ఈగలను విన్న మనిషి, తన మాట నమ్మి, తన చెవిని తానే నమ్మకుండా పోతున్నాడు. కనక అది చూడలేకపోయింది.

"సిన్నయ్యా," అంది.

సుక్రు వంగినవాడు వంగినట్టే తల తిప్పాడు.

"నీ సెవి మంచిదే. అయిదో సట్రం. నిలబడి ఉన్నాయి. గదికి ఒకటే."

అతను ఆమె మొహం కేసి కొంతసేపు చూశాడు. పగిలిన అద్దం వెనక కన్ను ఒకటి, బాగున్న అద్దం వెనక కన్ను ఒకటి. రెండూ తడిగానే ఉన్నాయి, పొగ వల్ల కావచ్చు. "నాకు సెప్పీది కాదు," అన్నాడు. "అరుగు మీద కూకున్న మనిసికి సెప్పు."

కనక అరుగు దగ్గరికి వెళ్లింది. "అమ్మా, గుడ్డున్నాది. నిలబడి ఉన్నాది. నిన్నటిది."

"ఇందాక నేదన్నావు?"

"ఇందాక నేదన్నాను," అంది కనక.

రత్నాలు కూతురిని పైనుంచి కిందిదాకా చూసింది. తిడుతుందనుకుని ఫల్గుణ గొడ్డలి పట్టుకుని పక్కకు జరిగాడు. ఆమె తిట్టలేదు. తలకు తువ్వాలు గట్టిగా చుట్టుకుని, "నూనె వోసనొత్తే రానీ, కుడితే కుట్టనీ, నాను సూడాల," అంటూ పెరట్లోకి నడిచింది. కనక అయిదో చట్రం ఎత్తి పట్టుకుంది. రత్నాలు సుక్రు అద్దాలు లాక్కుని పెట్టుకుని, కళ్లు చికిలించి, అటు వంగి ఇటు వంగి చూసింది. ఒక ఈగ చెంప మీద కుట్టింది కూడా.

"నాకేటీ కనపడటం నేదు. అంతా బుగ్గి," అంది. "ఎక్కడ?"

కనక గడ్డిపోచ కొసతో చూపించింది. "ఇదిగో. దాని పక్కనిది. ఇదీ."

"నువ్వు సూసినావా, నిజంగా?"

"సూసినానమ్మా."

"అయితే సాలు," అంది రత్నాలు. అద్దాలు తీసి సుక్రుకు ఇచ్చేసింది.

చూరులోంచి దువ్వెన తీసింది కనకే. సంచిలో అన్నిటికన్నా పైన పెట్టి, తాడు లాగి, రెండు ముళ్లు వేసింది. రత్నాలు చెంప వాచిపోయింది. పెళ్లికూతురికి బుగ్గ చుక్క బదులు బుగ్గే పెట్టారని ఫల్గుణ అంటే, ఈసారి కనక కూడా నవ్వింది.

"సైత్రంలో ఇటుకల పండక్కి వత్తాను," అంది రత్నాలు, గుమ్మం దగ్గర. "అప్పటికి కాఫీ పూత అయిపోతాది. పెట్టె నిండిపోవాల. నానొచ్చినాకే తేనె తియ్యాల, మీరు ముట్టుకోకండి. ఆ పుస్తకం పొయ్యిలో ఎట్టు."

"పై సగం బాగానే ఉన్నాది," అంది కనక.

"బేగి, బేగి," అన్నాడు ఫల్గుణ, సంచి భుజానికెత్తుకుని. ముగ్గురూ వలిసె చేల మధ్య దారిలో దిగిపోయారు. సుక్రు ముందు, రత్నాలు మధ్యలో, ఫల్గుణ వెనక. చేను మలుపులో రత్నాలు ఒకసారి ఆగింది. వెనక్కి చూసిందో, చెంప తడుముకుందో, అంత దూరం నుంచి కనకకు తెలియలేదు. కనక తిరిగి పెరట్లోకి వచ్చింది. పెట్టె మూత సరిగా కూర్చుందో లేదో చూసి, దాని గుమ్మం ముందు కూర్చుంది. కాళ్లకు పసుపు ముద్దలు అంటించుకుని ఈగలు వస్తున్నాయి. మధ్యాహ్నం జీపు మోత కింద లోయలో వినిపించింది, కొంతసేపటికి వినిపించలేదు.

ఆ తర్వాత ప్రతి సంతకూ ముందు రోజు కనక పెట్టె తెరిచి, ఎండ భుజం మీంచి పడేలా నిలబడి చూసింది. నిలబడిన గుడ్లు ఉన్నాయి. సంక్రాంతి దాటాక మాత్రం చట్రాలు తేనెతో బరువెక్కి, తనొక్కతే ఎత్తడం కష్టమైంది. కాఫీ పూసింది. తేనె తియ్యలేదు, ఉంచింది.

రత్నాలు ఆ ఇంట్లోంచి వెళ్లింది 1998 నవంబరులో. ఆ ఎండాకాలం ఏరవతలి ఊళ్లలో జ్వరాలు వచ్చాయి. 1999 మార్చి పదమూడో తేదీన, ఇటుకల పండగకు నెల ముందు, ఆమె సుక్రు ఇంట్లో చనిపోయింది. తను దాటి వెళ్లిన గడపకు మళ్లీ రాలేదు.